గోదారి వైపు గేటు లేదు

"ప్రపంచంలో కెమెరా కన్ను ఉన్న రేవు ఇకమీదట మనదొక్కటే!" అని జూన్ ఇరవై ఎనిమిదో తారీఖున గంగాధర్ గారు మైకులో ప్రకటించారు. ప్రపంచంలో తక్కిన రేవులన్నీ ఆయన ఎప్పుడు చూసొచ్చారని ఎవరూ అడగలేదు. అలాంటివి అడిగే అలవాటు మా ఊరికి లేదు.

గంగాధర్ గారు మండలంలో పార్టీకి పెద్ద దిక్కు. రేవు అభివృద్ధి కమిటీకి చైర్మన్. పాత రోడ్డు కోతకి గోదాట్లో కలిసిపోయి జనం అల్లాడుతుంటే, తన కొబ్బరితోటలోంచి రేవుకి దారి ఇచ్చిన దాత కూడా ఆయనే. దారి ఉచితం. తోటలో బండి ఆగితేనే గంటకి పది రూపాయలు. గేటు దగ్గర ఆపి చిల్లర అడగడం పాతకాలపు పద్ధతి కాబట్టి, రెండు మూణ్ణెల్లకోసారి బిల్లు ఫోనుకే వస్తుందని చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం ఎక్కువ కొట్టాను. గేటు పక్కనున్న జిరాక్సు, టైపింగు షాపు నాది, దాని గది ఆయనది.

గేటుకి రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి లోపలికి వచ్చే బండి నంబరు రాసుకుంటుంది. రెండోది బయటికి వెళ్ళే బండి నంబరు రాసుకుంటుంది. ఆ రెండింటి మధ్య కాలమంతా బండి తోటలో ఆగినట్టే లెక్క. ఇంత తేలికైన లెక్క కనిపెట్టినవాడు గంగాధర్ గారి బావమరిది నాగసతీష్. పార్కింగ్ మేనేజర్ కూడా అతనే.

ఈ లెక్కలో వదిలేసింది ఒక్క గోదావరినే. మా రేవుకి వచ్చే బళ్ళు తోటలో ఆగడానికి రావు. తిన్నగా వెళ్ళి పంటు ఎక్కుతాయి. పంటు మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, లారీల్నీ మోసుకుని అవతలి మట్టలంకకి చేరుస్తుంది. సాయంత్రం మళ్ళీ ఇటు తెస్తుంది. పొద్దున్న లోపలికి వచ్చిన బండి సాయంత్రం బయటికి వెళితే, పగలంతా అది లంకలో ఉందని మాకు తెలుసు. కెమెరాకి మాత్రం తోటలో ఉందని తెలుసు.

సెప్టెంబరు మొదటివారంలో బిల్లుల కంటే ముందు ఫ్లెక్సీ వచ్చింది. "మా ఉత్తమ వినియోగదారులకు హృదయపూర్వక శుభాకాంక్షలు" అని పైన గంగాధర్ గారు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నారు. కింద మొదటి బహుమతి గ్రహీతగా లంక నర్సు రెబెకా గారి స్కూటీ ఫొటో, నంబరు. నలభై ఒక్క రోజులు, రోజుకి ఎనిమిదేసి గంటలు. నేనే టైపు చేశాను. తప్పొక్కటీ లేదు.

రెబెకా గారు కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి. రోజూ ఎనిమిదిన్నరకి టీకాల డబ్బా స్కూటీ ముందు పెట్టుకుని లంకకి వెళ్ళి, నాలుగున్నరకి తిరిగొస్తుంది. ఆ రోజు పంటు దిగి ఫ్లెక్సీ చూసి, ఫోను చూసుకుని, బండి దిగకుండానే నాగసతీష్ కిటికీ ముందుకి వచ్చింది.

"మూడువేల రెండువందల ఎనభై ఏంటండీ సతీష్ గారూ?"

"ఆయ్! పార్కింగేనండీ. మొదటి ర్యాంకు మీదే సిస్టర్ గారూ."

"నా బండి రోజూ లంకలో ఉంటుంది కదండీ. పంటు ఎక్కించడం మీరు చూస్తూనే ఉంటారు కదా!"

"నేను చూస్తానండీ. నేను చూసింది కంప్యూటర్ తీసుకోదండీ."

"మరి పంటు దగ్గర కూడా ఒక కెమెరా పెట్టొచ్చు కదా?"

"పెడదామనే అనుకున్నామండీ. గోదారి వైపు గేటు లేదు కదా, దేనికి బిగిస్తాం?"

ఇంత మర్యాదగా మాట్లాడుతూనే అతను బయటికొచ్చి స్కూటీ ముందు చక్రానికి పసుపు రంగు తాళం వేశాడు. బిల్లు కడితే తీస్తారు.

ఎంత కష్టమైనా కట్టేసి ఉండేదేమో. ఈలోగా ఫ్లెక్సీ ఫొటో వాట్సాపుల్లో ఊళ్ళు తిరిగి, అమలాపురంలో ఉండే ఆవిడ పైఅధికారి సూర్యనారాయణ గారి ఫోనులోకి చేరింది. ఆయన చాలా చురుకైన అధికారి. మర్నాటికి మెమో పంపించారు. డ్యూటీ వేళల్లో రోజూ ఎనిమిది గంటలు కొబ్బరితోటలో గడిపినట్టు కెమెరా ఆధారం ఉందనీ, తాను కూడా జీపులో తొమ్మిదిసార్లు మట్టలంక వెళ్ళి తనిఖీ చేయగా నర్సు కనిపించలేదనీ, ఎందుకు తీసేయకూడదో చెప్పాలనీ అందులో ఉంది. ఈ నెలాఖరుకి కాంట్రాక్టు పొడిగించాలంటే సంతకం ఆయనదే.

రెబెకా గారు మెమో జిరాక్సుకి నా షాపుకి తెచ్చింది.

"కట్టేస్తే తోటలో కూర్చున్నానని ఒప్పుకున్నట్టే కదా సాయిబాబు గారూ, ఉద్యోగం పోద్ది. కట్టకపోతే బండి ఇవ్వరు. ఏం చెయ్యనండీ?"

"చైర్మన్ గారికి అర్జీ పెట్టుకోండమ్మా. న్యాయం చేస్తారు" అన్నాను. అర్జీకి ముప్పై రూపాయలు తీసుకున్నాను. న్యాయం సంగతి నాకు తెలియదు గానీ టైపింగు రేటు అదే.

ఆ వారమంతా ఆవిడ టీకాల డబ్బా భుజాన వేసుకుని నడిచి పంటు ఎక్కింది. చూస్తే నాకు బాధేసింది. అయినా గంగాధర్ గారి మీద నా గౌరవం తగ్గలేదు, ఎందుకంటే అర్జీ అందిన మూడోరోజే ఆయన తోటలో షామియానా వేయించి బహిరంగ విచారణ పెట్టారు. న్యాయమూర్తి ఆయనే. సాంకేతిక నిపుణుడు నాగసతీష్. శాఖ తరఫున సూర్యనారాయణ గారు, గంగాధర్ గారి కారులోనే వచ్చారు. అరవై బళ్ళు పట్టే ఆ తోటలో అప్పుడు మూడు వందల పన్నెండు బళ్ళు ఆగి ఉన్నాయని కంప్యూటర్ చెబుతోంది. కంటికి మాత్రం రెండు మేకలు కనిపించాయి.

ముందుగా లంక రైతు కాశీవిశ్వనాథం గారిని పిలిచారు. ఆయనది తలకిందుల కేసు. పొద్దున్న పంటు మీద ఇటొచ్చి గేటు దాటి రాజోలు పోతారు, సాయంత్రం గేటులోకి వచ్చి పంటెక్కి ఇంటికి పోతారు. కెమెరా లెక్క ప్రకారం రెండు నెలలుగా ఆయన రాత్రుళ్ళు తోటలో గడుపుతున్నారు.

భార్య వీరవేణి గారు లేచింది. "మా ఆయన రాత్రుళ్ళు ఇంట్లోనే ఉంటారండీ. గురక నేను వినట్లేదేంటి?"

"అమ్మా, మీరు చీకట్లో విన్నారు" అన్నారు గంగాధర్ గారు ఎంతో ఓర్పుగా. "మా కెమెరాకి నైట్ విజన్ ఉంది."

వీరవేణి గారు మొగుడి వంక ఒక చూపు చూసింది. ఆయన "ఒసే, నీకేమన్నా పిచ్చా" అంటుండగానే ఆవిడ వెళ్ళి నాలుగు కుర్చీల అవతల కూర్చుంది. జనం పగలబడి నవ్వారు.

తరవాత రెబెకా గారి వంతు. ఆవిడ నోరు తెరిచేలోపే గంగాధర్ గారు మైకు తీసుకున్నారు.

"ఈ రేవంటే నాకు ప్రాణం. మొన్న ఆగస్టు వరదలకి లంక మునిగితే, నీళ్ళు తీసిన వారంలో పద్నాలుగు లారీల బియ్యం ఇక్కడి నించే పంటు మీద దాటించేను. బిల్లులు కూడా మంజూరయ్యాయి. అలాంటి రేవు మీద, అలాంటి కెమెరా మీద అపవాదు వేస్తే ఊరుకుంటామా?"

చప్పట్లు మోగాయి. నేను కూడా కొట్టాను. రెబెకా గారు తలొంచుకుంది. ఇక ఏడుస్తుందనుకున్నాను.

"కెమెరా తప్పు చెప్పదంటారాండీ?" అని మెల్లిగా అడిగింది.

"చచ్చినా చెప్పదమ్మా."

"కెమెరా కంట పడకుండా బండి ఈ రేవుకి రాలేదంటారు?"

"ఈగ కూడా రాలేదు."

"అయితే ఆ మాట రాసి, తమరూ సారూ సంతకాలు పెట్టి ఇప్పించండి. ఇన్నాళ్ళూ కెమెరా రాసుకున్న బళ్ళ లిస్టు కూడా ఇప్పించండి. అవి నా చేతికొస్తే ఇప్పుడే డబ్బు కట్టేస్తానండీ."

గంగాధర్ గారు పొంగిపోయారు. అపరాధి ఇంత వినయంగా ఓడిపోవడం ఆయన రాజకీయ జీవితంలో చూడలేదట. నన్ను పిలిచి ధ్రువపత్రం టైపు చేయించారు: "జూన్ ఇరవై ఎనిమిది మొదలు నేటి వరకు సదరు కెమెరాల్లో నమోదు కాకుండా ఏ వాహనమూ రేవుకు రాలేదనియు, పంటు ఎక్కలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." చైర్మన్ గారు సంతకం చేసి సీలు వేశారు. సూర్యనారాయణ గారు చదవకుండానే ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేశారు. లిస్టు నూట పన్నెండు పేజీలు వచ్చింది.

రెబెకా గారు పత్రం మడిచి టీకాల డబ్బాలో ఐసు ప్యాకెట్ల పక్కన పెట్టింది. మూత బిగించింది. తరవాత కుర్చీలో కూర్చుని లిస్టు మొదటి పేజీ నుంచి వేలుపెట్టి చదవడం మొదలెట్టింది. ఆఖరి పేజీకి వచ్చేసరికి గంట పట్టింది.

"అయ్యగారూ, ఇందులో లారీ ఒక్కటీ కనపట్లేదండీ" అంది చివరికి.

"ఏ లారీ?" అన్నారు గంగాధర్ గారు.

"వరద బియ్యం లారీలండీ. పద్నాలుగు."

షామియానాలో మేకల గంటలు కూడా వినపడ్డాయి. కాశీవిశ్వనాథం గారు వెనక నుంచి లేచారు. "లంకకి బియ్యం వచ్చేయాండీ? మాకు ఫొటో ఒక్కటే వచ్చిందండీ, వాట్సాపులో."

గంగాధర్ గారు కంప్యూటర్ వైపు తిరిగి, "ఒరేయ్ సతీషూ, ఏదో పొరపాటు..." అన్నారు.

"పొరపాటా? లేదండీ బావగారూ!" అన్నాడు నాగసతీష్, ఉద్యోగం మీద భక్తితో. "లారీ అంతది గేటు దాటితే కెమెరా పట్టదాండీ? రాలేదంటే రానట్టేనండీ. రాసుకోండి."

సూర్యనారాయణ గారు జేబురుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నారు. రెబెకా గారు ఆయన వైపు తిరిగింది.

"సార్, తమరి జీపు నంబరు కూడా లేదండీ. తొమ్మిదిసార్లు లంకకి వచ్చేనని మెమోలో తమరే రాసేరు కదా. నేను రోజూ వచ్చేనని నా బండి నంబరు నలభై ఒక్కసార్లు ఉందండీ. లంకకి ఇంకో దారి లేదు కదా సార్."

ఆయన జేబురుమాలు తీయలేదు. ఇప్పుడు దాంతో చెమట తుడుచుకున్నారు.

అంతటితో విచారణ వాయిదా పడింది. గంగాధర్ గారూ సూర్యనారాయణ గారూ నా షాపులోకి వచ్చి షట్టరు సగం దించారు. అయిదు నిమిషాల్లో మెమో రద్దయింది. పది నిమిషాల్లో కాంట్రాక్టు పొడిగింపు కాగితం మీద ఆకుపచ్చ సంతకం పడింది. పసుపు తాళం తీయడానికి గంగాధర్ గారే స్వయంగా వంగారు. అంత పెద్దమనిషి ఒక స్కూటీ చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చోవడం నేను మొదటిసారి చూశాను.

"ఆ ధ్రువపత్రం ఇలా ఇచ్చేయమ్మా" అన్నారు లేస్తూ.

"ఇస్తానండీ. టీకాల డబ్బా దారిలో తియ్యకూడదండీ, చల్లదనం పోద్ది" అని ఆవిడ బండి స్టార్ట్ చేసి పంటు వైపు వెళ్ళిపోయింది.

గంగాధర్ గారు అలసిపోయి నా స్టూలు మీద కూలబడ్డారు. కానీ మహానుభావుడికి ఆలోచన రావడానికి ఎంతసేపు!

"టైపు చెయ్యవోయ్. పిడుగు పడి కెమెరాలు రెండూ చెడిపోయాయి, ఆ తరవాత రికార్డు చెల్లదు. కాబట్టి బిల్లులన్నీ రద్దు."

"ఏ రోజు పడిందని వెయ్యమంటారండీ?"

"వరదకి ముందు రోజు వెయ్యి."

సూర్యనారాయణ గారు దగ్గారు. "నా తనిఖీలు జులైలో కూడా ఉన్నాయండీ."

"అయితే జులై ఒకటి వెయ్యి."

సూర్యనారాయణ గారు టూర్ డైరీ తిరగేశారు. "జూన్ ఇరవై ఎనిమిదిన ప్రారంభోత్సవానికి మీ కారులో వచ్చేను కదండీ. ఆ రోజు నా జీపులో లంకకి వెళ్ళినట్టు రాసుకున్నానండీ."

గంగాధర్ గారు ఆయన వంక ఒక్క క్షణం చూసి, "ఇరవై ఏడు వెయ్యి" అన్నారు.

నా వేలు కీబోర్డు మీద ఆగిపోయింది. "ఇరవై ఏడున కెమెరాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయండీ."

గంగాధర్ గారు నా మీద జాలిపడ్డారు.

"అందుకేగదవోయ్ పనిచెయ్యలేదు! కొట్టు."

కొట్టాను. ఇద్దరూ సంతకాలు పెట్టారు.