పది నిమిషాలు ముందు నడిచిన చుక్క

అబ్జర్వేటరీ డైరెక్టరు దొంగ. అక్కడ రాత్రిళ్ళు ఆకాశం ఫోటోలు తీసే చుక్కలాయనకు ఇందులో ఏనాడూ అనుమానం లేదు. ఇరవై రెండేళ్ళ నౌకరీలో ఆయన మూడు గ్రహశకలాలు పట్టుకుంటే మూడూ డైరెక్టరు పేరు మీదే వెళ్ళాయి. ఒకదానికి డైరెక్టరు తన అత్తగారి పేరు పెట్టుకున్నాడు.

నాలుగోది పోనివ్వదలచుకోలేదు. నిన్న రాత్రి తీసిన మూడు ఫోటోల్లో ఒక చుక్క కొంచెం కొంచెంగా జరిగింది. చుట్టూ ఉన్నవి నక్షత్రాలు, అవి జరగవు. ఇది కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే రాయి. కనుక్కున్నవాడిదే పేరు పెట్టే హక్కు. పోయిన భార్య పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎక్కడా అచ్చుకాలేదు. ఆ పేరే పెట్టాలని పొద్దున గడ్డం గీసుకుంటూ నిర్ణయించుకున్నాడు. తొమ్మిదింటికి కక్ష్యలు లెక్కగట్టే కేంద్రానికి కొలతలు పంపడం, పదింటికి టీ తాగడం, అంతే ఆ రోజు పని.

కొలతలు పంపాడు. టీ మాత్రం తాగలేదు. డైరెక్టరు కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, నీ రాయి సరాసరి మన మీదికే వస్తోందట."

"మన మీదికా?"

"భూమి మీదికయ్యా. తొమ్మిది వారాల్లో. మూడు వందల్లో ఒక వంతు అవకాశం ఉందట."

"అది మెల్లగా నడిచే రాయండీ. అంత దూరం రాదు."

"లెక్క అలా వచ్చింది మరి. చూడు, దీన్ని కనుక్కున్నది పూర్తిగా నువ్వేనని, నాకు ఏ సంబంధమూ లేదని సంతకం పెట్టి అన్ని అబ్జర్వేటరీలకూ పంపేశాను."

ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన మాట. అది ఇలా వచ్చింది. ఊళ్ళు తుడిచిపెట్టే రాయికి ఆవిడ పేరెలా పెడతాడు?

ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, టీవీలో నీ పేరు చెబుతున్నారు. ఏం చేశావు?"

"ఏం చెయ్యలేదమ్మా. చూశానంతే."

"చూడకుండా ఊరుకోలేకపోయారా అని మా అత్తగారు అడుగుతున్నారు."

అది పెట్టేసరికి పక్కింటావిడ.

"అన్నయ్యగారూ, ఇంటికి రంగులు వేయిద్దామనుకున్నాం. వేయించమంటారా, తొమ్మిది వారాలు ఆగమంటారా?"

విసుగులో "ఆగండి" అన్నాడు. ఆ ఒక్క మాట వీధంతా పాకింది. పన్నెండు కాకుండానే రంగులవాళ్ళు నిచ్చెనలు దించేశారు, కొట్లో కొవ్వొత్తులు అయిపోయాయి, బడికి సెలవిచ్చారు. ఆయన్ను మెచ్చుకున్నది పిల్లలొక్కళ్ళే.

డైరెక్టరు తలుపు సందులోంచి తల మాత్రం పెట్టాడు. "రెండింటికి విలేకరులొస్తారు. నువ్వే మాట్లాడాలి. నేను ఊళ్ళో లేను."

చుక్కలాయన చేతి గడియారం చూసుకున్నాడు. సరిగ్గా రెండు. అలవాటుగా పది నిమిషాలు తీసేశాడు. తీసేసి, కొయ్యబారిపోయాడు.

ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పింది భార్య. పెళ్ళైన కొత్తలో ఆయనకు వారానికి మూడుసార్లు బస్సు తప్పిపోయేది. ఆవిడ పోయాక కూడా ఆయన దాన్ని సరిచెయ్యలేదు. చూసిన ప్రతిసారీ మనసులో పది తీసేసుకునేవాడు. నిన్న మూడో ఫోటోకు ముందు గది గడియారం ఆగిపోయింది. చుక్క దొరికిన సంతోషంలో, ఆ ఫోటో వేళను చేతి గడియారంలో ఉన్నది ఉన్నట్టే రాసేశాడు. ఆ పది నిమిషాల తేడాతోనే లెక్కలో రాయి దారి భూమి మీదికి మళ్ళింది.

వేళ దిద్ది మళ్ళీ పంపాడు. అరగంటలో జవాబొచ్చింది. రాయి కుజుడికీ గురుడికీ మధ్యే ఉంది. నాలుగున్నరేళ్ళకోసారి సూర్యుణ్ణి చుట్టొస్తూ, ఎవరి జోలికీ పోకుండా తన దారిన తాను తిరుగుతోంది.

ఈలోగా భయపడి ఇరవై అబ్జర్వేటరీలు దాన్ని వెతికి ఫోటోలు తీశాయి. ఎవరో ఎనిమిదేళ్ళ నాటి పాత ఫోటోల్లో కూడా దాన్ని పట్టుకున్నారు. కక్ష్య తేలితేనే పేరు పెట్టనిస్తారు; ఏళ్ళు పట్టాల్సింది నెలలో తేలిపోయింది.

డైరెక్టరు తానే టీ తెచ్చాడు. "ఇద్దరం కలిసి కనుక్కున్నామని రాద్దామా?"

"మీకు ఏ సంబంధమూ లేదని సంతకం పెట్టారు గదండీ."

రాయికి ఆవిడ పేరు వచ్చింది. అచ్చైన కాగితం చదివి, కూతురు ఆయన చేతి గడియారం వంక చూసింది. తర్వాత అడిగింది.

"ఆ పది నిమిషాలు అమ్మవేగా, నాన్నా?"

ఆయన చొక్కా చెయ్యి గడియారం మీదికి లాక్కున్నాడు. బస్సుకింకా పది నిమిషాలుండగానే లేచాడు.

"ఆ సంగతి ఇక నా దగ్గర ఎత్తొద్దు" అన్నాడు.