అల్లుడుగారు గ్రూపు వదిలారు

నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం మా అత్తవారి కుటుంబం గ్రూపేనని డాక్టరు తేల్చేశాడు. మందులు రాస్తాడనుకుంటే, "ఆ ఫోను కాస్త పక్కన పెట్టండి" అని ఊరుకున్నాడు. ఫీజు మాత్రం పక్కన పెట్టలేదు.

ఆ గ్రూపు సంగతి మీకు తెలియదు. మా సెల్ఫీ తోడల్లుడు కొత్త సోఫాలో కాలు మీద కాలేసుకుని ఫొటో పెడితే, మా పాత కుర్చీ నన్ను గుచ్చడం మొదలుపెడుతుంది. చిట్కాల చిన్నత్తగారు "కనురెప్ప అదిరితే అశ్రద్ధ చేయకండి" అని పెడితే, సాయంత్రం దాకా నా కనురెప్ప అదురుతూనే ఉంటుంది. నేను తల బద్దలు కొట్టుకుని ఒక జోకు పెడితే అందరూ చూస్తారు, ఒక్కరూ నవ్వరు. ఆ పూట నాకు అన్నం సహించదు.

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. మొన్న ఆ సోఫా ఫొటో చూసిన దిగులులో ఒక తాతగారి అద్దాలు ఒక టీచరమ్మ ఫ్రేములో బిగించాను. ఆవిడ అవి పెట్టుకుని మెట్లు దిగబోయి, ఎదురుగా వస్తున్న మా ఓనరు మీద పడింది.

"ఇంకోసారి ఇలా జరిగితే నువ్వు ఇంట్లోనే కూర్చోవచ్చు" అన్నాడు ఓనరు, నడుం పట్టుకుని.

ఆ రోజే మా ఆవిడతో, "గ్రూపులోంచి బయటికొచ్చేస్తాను" అన్నాను.

ఆవిడ మడతపెడుతున్న చొక్కా చేతిలోనే ఆగిపోయింది. "వద్దండీ. మావాళ్లేమనుకుంటారు?"

"ఎవరికీ తెలియకుండా జారుకుంటాను."

"అదేమన్నా పెళ్లి భోజనమా, చెయ్యి కడుక్కుని జారుకోవడానికి?"

నా తెలివి మీద నాకు నమ్మకం ఎక్కువ. అందరూ భోంచేసి కునుకు తీసే ఆదివారం మధ్యాహ్నం చూసుకుని, ఊపిరి బిగబట్టి, నొక్కేశాను. ఫోను మూగబోయింది. మంచం మీద వాలి కళ్లు మూసుకున్నాను.

నేను వెళ్లిపోయానని ఆ గ్రూపే నా పేరు పెట్టి అందరికీ చాటింపు వేస్తుందని నాకేం తెలుసు?

మొదటి ఫోను అత్తగారిది, మా ఆవిడకి. "అల్లుడుగారు అలిగారుటే? మొన్న ఆయన జోకుకి నవ్వుదామనే అనుకున్నాను. కళ్లజోడు కనపడి చావలేదు."

రెండోది బ్రేకింగ్ న్యూస్ బావమరిది. "అక్కా, మీ ఇద్దరికీ గొడవైందా? నువ్వు బట్టలు సర్దుకో. నేను బయల్దేరాను."

"అలకా లేదు, గొడవా లేదని చెప్పు" అన్నాను.

"చెప్పాను. అలిగినవాళ్లందరూ అలాగే అంటారట."

కాసేపటికే 'అల్లుడుగారి అలక' అని కొత్త గ్రూపు పుట్టింది, నన్నెలా బుజ్జగించాలో మాట్లాడుకోవడానికి. కంగారులో అత్తగారు నన్ను కూడా అందులో చేర్చేశారు. నాకు ఉద్యోగం పోయి ఉంటుందని ఒకరు, పెళ్లిలోనే ముభావంగా ఉన్నానని ఇంకొకరు రాశారు. "నా సోఫా చూసి కుళ్లుకుని ఉంటాడు" అని రాశాడు తోడల్లుడు. అది నిజం కావడంతో నాకు ఒళ్లు మండింది. అందులోంచీ వచ్చేశాను.

దాంతో అలక ముదిరిందని ఖాయం చేసుకుని, పొద్దుగూకక ముందే అందరూ మా ఇంట్లో దిగారు. చిన్నత్తగారు నా కనురెప్ప పైకెత్తి చూశారు. బావమరిది అక్క కోసం ఖాళీ పెట్టె తెచ్చాడు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, ఫోను తెరిచి, నా జోకు చదివి గట్టిగా నవ్వారు. తర్వాత మిగతావాళ్లు వయసుల వారీగా నవ్వారు.

తోడల్లుడు నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "అన్నయ్యగారూ, ఆ సోఫా నాది కాదు. షాపులో కూర్చుని తీయించుకున్నాను" అన్నాడు.

"ఎందుకయ్యా?"

"మీరేమో జోకులేసుకుంటూ హాయిగా ఉన్నారని మా ఆవిడ రోజూ దెప్పుతుంది. నాకు నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో."

వాణ్ని చూస్తే నిజంగా జాలేసింది. ఇక అందరం ఆ గ్రూపు కట్టిపెడదామని చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుని ముందుగదిలోకి వచ్చాను. అప్పటికే అత్తగారు తీర్పు చెప్పేశారు. "మనం ఆయనకి విలువివ్వలేదు. ఇకనుంచి గ్రూపుకి అడ్మిన్ అల్లుడుగారే." బావమరిది తన ఫోనులో ఏదో నొక్కి నన్ను మళ్లీ గ్రూపులో చేర్చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

వాళ్లు వెళ్లాక కుర్చీలో కూలబడి, మంచం మీద వాలిన మా ఆవిడతో, "నువ్వన్నా ఒక్క మాట అనొచ్చుగా. ఆ గోలంతా రేపట్నుంచి నువ్వూ భరించాలి" అన్నాను.

"నేనెందుకు భరిస్తాను? నేను అందులోంచి వచ్చేసి ఏడాదైంది."

"నాకు తెలియలేదే."

"ఆ రోజు మీ తోడల్లుడుగారు కారు ఫొటో పెట్టారు. మీరు దాన్నే చూస్తూ కూర్చున్నారు."

"మరి నీకోసం ఎవరూ పరిగెత్తుకు రాలేదేం?"

"ముందే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకి మీ కబుర్లంటే ప్రాణం, అన్నీ చదివి నాకు చెప్తారు, ఇంటికొకరు చాలు అని. అమ్మ ఎంత మురిసిపోయిందో."

"ఆ ఉపాయం నాకూ చెప్పొచ్చు కదా."

"చెబితే మీరు వచ్చేస్తారు. అప్పుడు నన్ను చేర్చేస్తారు" అంటూ దుప్పటి కప్పుకుని అటు తిరిగింది. క్షణంలో గుర్రు మొదలైంది.

నా ఫోను మోగింది. అడ్మిన్‌గారు ఇంకా శుభరాత్రి చెప్పలేదు, మళ్లీ అలిగారా అని అత్తగారు అడుగుతున్నారు.