ట్రంకు పెట్టెలో పెళ్ళికొడుకు

మెదక్‌లో సంబంధాలు కుదిర్చే మల్లేశం ఆ రోజు పది గంటల బస్సుకు హవేలిఘనపూర్ వెళ్ళాలి. ఇంద్రకరణ్ పటేల్ కూతురు బాలమణికి తగిన వరుల జాబితా ఇచ్చి రావాలి. వారం రోజులుగా ఇంట్లో బాలమణి మాటే. పిల్ల కుందనపు బొమ్మ అని అతను నాలుగోసారి అన్న పూట, భార్య సువర్ణ పప్పులో ఉప్పు వెయ్యలేదు.

తీరా చూస్తే పక్కింటి ఖుర్షీదా వాళ్ళ మేక, అతని సంబంధాల రిజిస్టరులో మగపిల్లల భాగం మొత్తం నమిలేసింది. ఆడపిల్లల జోలికి పోలేదు.

"పరేషాన్ కాకు. ఉగాది ఉగాదికి నకలు రాసి ట్రంకుల పెడ్తున్న గద," అన్నాడు మల్లేశం. "దాంట్లకెల్లి మొగపిల్లల భాగం ఒక్కటే ఎక్కియ్యి. ఆడపిల్లలది ముట్టకు, అది మంచిగనే ఉన్నది."

అతను క్షవరానికి పోయాడు. సువర్ణ రాస్తూ పోయి పదకొండో పేరు దగ్గర ఆగింది. 'మల్లేశం, ఇరవై ఏడేళ్ళు, మెదక్‌లో సొంత ఇల్లు, నెమ్మదస్తుడు.' మొగుడి చేతిరాతే. ముప్పై రెండేళ్ళ మనిషి అయిదేళ్ళు తగ్గించుకున్నాడంటే ఇక అనుమానమేముంది? ఆమె ఒళ్ళు భగ్గున మండింది. ఆ క్షవరం ఎవరి కోసమో కూడా అర్థమైంది. నోరు తెరిచి అడగడం నామోషీ అనిపించి, ఆ పేరును అందరికన్నా పెద్ద అక్షరాలతో ఎక్కించింది. మల్లేశం వచ్చి కాగితాలు చూడకుండానే సంచిలో పెట్టుకున్నాడు. తెలిసిన సంగతి మళ్ళీ చూడడమెందుకని కాబోలనుకుంది సువర్ణ.

మూడో రోజు ఆమె పుట్టింటికి మూట కట్టుకుంటుండగా ఇంద్రకరణ్ పటేల్ దిగాడు. జాబితాలో మొదటివాడు నర్సింహ ఇంటికి పోతే, చంకలో బిడ్డతో అతని భార్య చీపురు తీసిందట.

"గందుకని పెద్దక్షరాల పేరు చూసి ఈడికొచ్చిన. నీకు పెండ్లి కాలేదని నాకు ఎర్కనే లేకపాయె మల్లేశం," అన్నాడు పటేల్. "నువ్వైనా నాకు రాజీనే. గీమె ఎవరు?"

"పెండ్లాన్ని పటేలా," అంది సువర్ణ. "ఇంక బతికే ఉన్న."

మల్లేశం తల పట్టుకున్నాడు. "అది నా పెండ్లికి ముందటి నకలు. ఉగాది ఉగాదికి రాస్తనని చెప్పుడే గని, రాసింది ఒక్కసారే."

ఇద్దరూ నమ్మలేదు. అతను పరుగున పోయి నకలు తెచ్చి పటేల్ చేతిలో పెట్టాడు. "ఆడపిల్లల భాగం చదువుండ్రి. దాంట్ల ఈమె పేరు సుత ఉంటది."

పటేల్ అద్దాలు పెట్టుకుని పైకి చదివాడు. "సువర్ణ, పందొమ్మిదేండ్లు. సర్కారు నౌకరి సుధాకర్ మూడుసార్లు అడిగించిండు. పిల్ల తండ్రికి చెప్పొద్దు."

మల్లేశం పుస్తకం లాక్కోబోయాడు కానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఎందుకు చెప్పొద్దనుకున్నవ్?" అంది సువర్ణ.

"చెప్తే వానికిచ్చేటోళ్ళు గద నిన్ను," అన్నాడు మల్లేశం నేల చూస్తూ. "వాని పేరింటెనే నాకు కడుపుల మండేది."

ఇన్నాళ్ళూ మండింది తన ఒక్కదాని కడుపే అనుకున్న సువర్ణకు, కోపం రావలసిన చోట నవ్వు వచ్చింది. మూట విప్పి పటేల్‌కు చాయ్ పెట్టింది.

ఆ తర్వాత ఉగాది నకలు ఆమె పనయింది. పెళ్ళయిన వాళ్ళ పేర్లన్నీ తీసేస్తుంది గాని, ముగ్గురు పిల్లల తండ్రి సుధాకర్‌ను మాత్రం ఏటేటా పెద్ద అక్షరాలతో ఎక్కిస్తుంది.