మాల వేసుకున్న ఎక్స్‌రే

గోగులపాలెం ప్రభుత్వాసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం ఈ ఏడు కూడా అయ్యప్ప మాల వేసుకుంది. కార్తీకం రాగానే వేసుకోవడం దానికి అలవాటు. మెడ లేదు కనుక మాలను గొట్టానికి చుట్టారు. పైన నల్లబట్ట కప్పారు. గదిలోకి చెప్పులు విడిచి రావాలి. మామూలు రోజుల్లోనూ అంతే కనుక అందులో కొత్తేమీ లేదు.

మాలలో ఉండగా యంత్రం నీచు తిన్నవాడి ఎముక తీయదు. తాగినవాడిదీ తీయదు. సమ్మతమైతే పచ్చలైటు, కాకపోతే ఎర్రలైటు. అంతకు మించి మాట్లాడదు. యంత్రం కదా.

పెద్ద డాక్టరు విశ్వేశ్వరరావు హేతువాది. దేవుడు లేడని ఊళ్లో సభలు పెడతాడు. ఆయన కూడా అడ్డు చెప్పలేదు. దీక్షలో తీసిన ఫిల్ములు మామూలు రోజులకంటే తేటగా వస్తాయని ఆయనే పరీక్షించి తేల్చాడు. కారణం తెలియకపోయినా ఫలితాన్ని కాదనకూడదు, అదే సైన్సు అనేవాడు. అందరూ యంత్రాన్ని స్వామీ అంటే ఆయన మాత్రం యంత్రంగారూ అనేవాడు. అంతే తేడా.

ఆ రోజుల్లో గుబ్బల నూకరాజును నులకమంచం మీద మోసుకొచ్చారు. కల్లు గీసే మనిషి. తాటిచెట్టు మీద నుంచి జారాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది. చెట్టెక్కితేనే వాళ్లకు పొయ్యి వెలుగుతుంది. కాలు తిన్నగా అతకాలి. వెంట వచ్చిన భార్య మంగతాయారుకు కావలసింది అదొక్కటే.

బల్ల మీద పడుకోబెట్టగానే ఎర్రలైటు వెలిగింది.

"పొద్దున్నేం తిన్నావు?" యంత్రం నడిపే రంగనాథం అడిగాడు. యంత్రానికి గురుస్వామి కూడా ఆయనే.

"చద్దన్నమండి."

"అందులోకి?"

నూకరాజు భార్య వంక చూశాడు.

"ఎండుచేపండి," అంది మంగతాయారు. "చెప్పడానికేం? నోరు ఇరిగిందా, కాలు ఇరిగిందా?"

"కల్లు?"

"గీసేవోడు రుచి చూడకుండా ఎలా అమ్ముతాడండీ?"

ప్రైవేటు సెంటరుకు తీసుకెళ్దామంటే ఆ రోజు శనివారం. అక్కడి యంత్రం శనివారాలు ఒంటిపొద్దు ఉంటుంది. మధ్యాహ్నం దాటాక కరెంటు ముట్టదు.

"నువ్వూ మాల వేసుకో," అన్నాడు డాక్టరు.

"తవరు దేవుడు లేడంటారు గదండీ?"

"లేడు. కాలు ఉంది కదా."

మంచం మీదే తలంటు పోసి నూకరాజుకు మాల వేశారు. పచ్చలైటు వెలిగింది. ఎముకలో చీలిక తాటాకు ఈనెలా తేటగా పడింది. డాక్టరు కాలు సరిచేసి పిండికట్టు వేశాడు.

"కట్టు తడవకూడదు. తడిస్తే ఎముక కదులుతుంది," అన్నాడు.

"స్వామి రెండుపూటలా స్నానం చెయ్యాలి," అన్నాడు రంగనాథం. "మానితే దీక్ష పోతుంది. దీక్ష పోతే ఫిల్ము పోతుంది."

అది నిజమే. నిరుడు ఒక పంతులుగారు మాలలో ఉండి ఆమ్లెట్టు తిన్నాడు. బీరువాలో ఉన్న ఆయన ఛాతీ ఫిల్ము తెల్లబడిపోయింది. ఆయనకు క్షయ ఉందో లేదో ఇప్పటికీ తెలియదు.

"కాలు బయట పెట్టి పోస్తానండి," అంది మంగతాయారు.

"సగం స్నానం స్నానం కాదు తల్లీ."

డాక్టరూ రంగనాథమూ టీ తెప్పించుకుని కూర్చున్నారు. ఇద్దరూ మంచివాళ్లే. చాలాసేపు ఆలోచించారు.

"ఫిల్ములో ఉన్న కాలూ, ఇతని కాలూ ఒకటేనని సైన్సు ఒప్పుకుంటుంది," అన్నాడు డాక్టరు. "లేకపోతే దాన్ని చూసి దీనికి కట్టు ఎలా కడతాం?"

"బొమ్మలో ఉన్నదీ అసలుదీ ఒకటేనని మేమూ అంటాం. లేకపోతే పటానికి హారతి ఎలా ఇస్తాం?"

ఇద్దరూ లేచి చేతులు కలిపారు. స్నానం ఫిల్ముకు చేయించాలని తేలింది. కట్టు తడవదు. దీక్ష చెడదు. సైన్సుకూ భక్తికీ పడదన్నవాడు వచ్చి చూడాలని డాక్టరు అన్నాడు.

మంగతాయారు పొద్దునా సాయంత్రమూ బోరు దగ్గర ఫిల్ముకు నీళ్లు పోసింది. పసుపు రాసింది. కొబ్బరిపీచుతో వీపు తోమినట్టు తోమింది. శ్రద్ధగల మనిషి.

"మీ ఆయన మరీ పల్చబడ్డాడే తాయారూ!" అనేవాళ్లు బిందెలతో వచ్చిన ఆడవాళ్లు.

"ఏం చేత్తాం వదినా. ఒంటిపూట తిండి," అనేది.

మండలం పూర్తయింది. యంత్రానికి ఇరుముడి కట్టి లారీలో శబరిమల తీసుకెళ్లారు. రంగనాథం పక్కన కూర్చుని వెళ్లాడు. నూకరాజు కట్టు విప్పే రోజు అదే. కొత్త ఫిల్ము తీయడానికి యంత్రం లేదు. డాక్టరు పాతదాన్నే కిటికీకి ఎత్తిపట్టి చూశాడు. తోమగా తోమగా చీలిక చెరిగిపోయింది.

"అతికింది," అన్నాడు.

రంగనాథానికి ఫోను చేసి చెప్పాడు. "స్వామి దయ," అన్నాడు రంగనాథం. "వైద్యం," అన్నాడు డాక్టరు. రెండూ అనుకుందామని ఇద్దరూ అనుకున్నారు.

కట్టు కోశారు. కాలు కొంచెం పక్కకు చూస్తూ బయటపడింది. నూకరాజు లేచి దాని మీద బరువు మోపి కూలబడ్డాడు. డాక్టరు ఫిల్ము చూశాడు. కాలు చూశాడు. మళ్లీ ఫిల్మే చూశాడు.

"ఇందులో బాగానే ఉంది."

"అందులో బాగానే ఉందండి," అన్నాడు నూకరాజు. "నాదే ఎక్కడో తేడా చేసిందండి."

యంత్రం తిరిగొచ్చాక ఇంకోసారి తీయమని మంగతాయారు అడిగింది. అది స్వామిని అనుమానించడమని రంగనాథం అన్నాడు. ఫలితాన్ని అనుమానించడమని డాక్టరు అన్నాడు.

నూకరాజు ఇప్పుడు చెట్టెక్కడు. మంగతాయారు ఇటుకబట్టీకి పోతోంది. భజనల్లో నూకరాజును ముందు కూర్చోబెడతారు. హేతువాద సభల్లో వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతారు. మెట్లెక్కేటప్పుడు ఒక రెక్క డాక్టరు పట్టుకుంటాడు, ఒక రెక్క రంగనాథం పట్టుకుంటాడు.

మొన్న నూకరాజు శాలువాతో ఇంటికొచ్చి కాలు పట్టుకుని మూలిగాడు. మంగతాయారు ఆముదం కాచి తెచ్చింది.

"నొప్పని ఆళ్లకి ఒక్కసారి చెప్పొచ్చు గదయ్యా."

"ఊరుకోవే," అన్నాడు నూకరాజు. "ఇన్నాళ్లకి ఆళ్లిద్దరూ ఒక మాట మీదకొచ్చారు. మజ్జిలో నా కాలెందుకు?"