మెట్టు దొరకని దండయాత్ర

ట్యూబులలో గాలి నిలిపెడి శక్తులకును, గొలుసు జారకుండ కాచెడి దేవతలకును ముందుగా మ్రొక్కి, ఈ గాథ మొదలిడుచున్నాము.

మండుటెండకు వీధికుక్కలు సైతము పాత పగలు మరచి ఒకే గోడనీడను పంచుకొను రెండున్నర గంటల వేళ, ఇరుకు సందులోని మూడవ ఇంటి ముంగిట, టేపుహారాలంకృతకంఠుండును, కర్ణమూలనిహితసుద్దశకలుండును, కత్తెర పట్టిన చేత కొలత తప్పనివాడును అగు దర్జీ వీరుడు తన సైకిలు చెంత నిలిచియుండెను.

ఈ వీరునకొక రహస్యము కలదు. సైకిలు అతని తండ్రిగారిది. తండ్రిగారు ఆజానుబాహువు, కొడుకు కాడు. సీటు గొట్టము ఏనాడో తుప్పుపట్టి బిగిసిపోయినందున, దానిపై కూర్చుండిన వీరుని పాదములు నేలకు జానెడెత్తున వ్రేలాడుచుండును. కావున ఇరువది ఏండ్లుగా అతడు ఇంటి మెట్టుపైనుండి ఎక్కి దుకాణపు అరుగుపై దిగును. దుకాణపు అరుగుపైనుండి ఎక్కి ఇంటి మెట్టుపై దిగును. ఎత్తైన ఆధారము లేనిచోట దిగుట అతనికి రాదు. పెండ్లియైన కొత్తలో ఒకనాడు ప్రయత్నించి మోకాలు పగులగొట్టుకొని, గేదె పొడిచినదని ఇంట చెప్పెను. ఈ సంగతి భార్యకు తెలియరాదు. తెలిసిన తన పరువు ఏ గంగలో కలియునో అని అతని దిగులు.

ఇల్లాలికి పూలకుండీలనిన ప్రాణము. కిటికీలపై కుండీలు, ప్రహరీపై కుండీలు, నీళ్ళతొట్టి మూతపై కుండీలు. కాలు మోప సందులేని ఆ ముంగిట గుమ్మమున కెడమవైపు మెట్టొక్కటే బోసిగా నుండెను. అది తన అదృష్టమని వీరుడు తలచుచుండెను.

ఆనాడు ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది, ఆరడుగుల లారీ డ్రైవరు, గుమ్మమునకు అడ్డముగా నిలిచి పుల్లతో పండ్లు కుట్టుకొనుచుండగా, లోపలినుండి ఇల్లాలు కోటు చేతబట్టి వచ్చెను.

"ఏమండీ, కోటుకి ఆరు గుండీలు తక్కువయ్యాయి. నాలుగింటికల్లా దీనికోసం బడి మాస్టారు వచ్చేస్తారు. సందు చివర కొట్లో తెస్తారా?"

"నేను నడిచెళ్ళి తెస్తాలే అక్కా," అనెను బావమరిది. "బావ ఆ సైకిలు తీసి, ఎక్కి, దిగేసరికి పొద్దుపోతుంది. ఇల్లు, దుకాణం తప్ప ఎటైనా తొక్కారా ఆయన?"

అంతట వీరుని హృదయకుహరమున ఇట్టి గర్జన పుట్టెను: "ఓరీ దీర్ఘజంఘా, స్టీరింగు వెనుక కూర్చుండి కాళ్ళు చాచువాడవు, స్వపాదబలమున చక్రములు త్రిప్పు మావంటి వారి మహిమ నీకేమి తెలియును! నిమిషపంచకమున గుండీషట్కమును తెచ్చి నీ ముఖమున వెదజల్లకున్న నేను సూది పట్టను!"

పైకి మాత్రము, "ఐదు నిమిషాల్లో వస్తా," అనెను.

మెట్టెక్కి, సీటెక్కి, గంట మ్రోగించి, సందు చివరకు విజృంభించిన ఆ యోధునకు గుండీల కొట్టు ముందు గుండె జారెను. దిగుటకు తాను నమ్ముకొనిన నల్లరాతి మెట్టు నిన్నటివరకు ఉన్నచోట నేడు నడుములోతు గొయ్యి. మురుగుకాలువ పనివారు మెట్టును పెకలించి గొయ్యి కావల బోర్లించియుండిరి.

"ఆరు నల్ల గుండీలు," అని వీరుడు సాగిపోవుచునే కేకవేసెను.

"ఆగండి, ఇస్తున్నా."

"వచ్చేటప్పుడు తీసుకుంటా. కట్టి ఉంచండి."

వచ్చుట ఎట్లు? వెనుకకు తిరుగుటకు అతనికి చిన్న మైదానమైనను కావలెను. ఆ బాటయో రెండు బండ్లు ఎదురుపడిన ఒకటి కన్నీరు పెట్టుకొను వెడల్పుది. ఇండ్లు వెనుకబడెను. తారు వెనుకబడెను. ఇరుప్రక్కల పొలములు మొలిచెను. ఐదు నిమిషములు ఏనాడో గడచెను.

అప్పుడు కాలువపై వంతెన గోడ కనబడెను. మోకాలెత్తు, నున్నని సిమెంటు. విధాత తన పాదమునకే కొలత తీసి కట్టించినట్లున్న ఆ గోడను చూచి వీరుని కన్నులు చెమర్చెను. కాని దానిపై ముగ్గురు వృద్ధులు వరుసగా ఆసీనులై యుండిరి.

"కొంచెం జరుగుతారా," అని వేడెను వీరుడు.

"దిగి కూర్చో నాయనా, బోలెడు చోటుంది," అనెను నడిమి వృద్ధుడు.

"దిగడానికే జరగమంటున్నా," అను జవాబు వారి చెవులు చేరునప్పటికి సైకిలు వంతెన దాటెను.

ఆవల ఒక గడ్డికోత మనిషి మోపు కట్టుకొనుచుండెను.

"అమ్మా, ఈ దారి ఎటు పోతుంది?"

"ఆగితే చెప్తాను."

"ఆగకుండా చెప్పమ్మా."

"నీ తొందర తగలెయ్య. కుడివైపు తిరుగుతూ పో, మళ్ళీ ఊళ్ళోకే చేరతావు. ఎడంపక్క పోయావంటే మాత్రం..." మిగిలిన హెచ్చరికను గాలి మ్రింగెను.

కుడివైపు తిరిగినంతనే మైలురాయి ఎదురయ్యెను. దాని నెత్తిపై నాలుగు గిట్టలు ఒకచోట చేర్చి మేక యొకటి నిలిచియుండెను. వీరుడు గంట మ్రోగించెను. మేక నెమరువేసెను. వీరుడు కనులెఱ్ఱజేసెను. మేక ఆ ఎఱుపును కొంతసేపు పరిశీలించి, విశేషమేమియు లేదని ముఖము త్రిప్పుకొనెను. ఆ సమరమున మేకయే గెలిచెనని చెప్పక తప్పదు.

ఆపై దారి పల్లమునకు దిగెను. తొక్కనక్కరలేని ఆ కొద్దిపాటి దూరమున చల్లగాలి చొక్కాలో దూరి వీపును నిమిరెను. ఇరువది ఏండ్లలో రెండు మెట్ల నడుమ తప్ప తిరుగని ఆ మనిషికి, నిజము చెప్పవలెనన్న, ఎంతో హాయి కలిగెను. ఒక కూనిరాగము సైతము తీసెను. అంతలో బావమరిది ఎదుట, ఇల్లాలి ఎదుట తాను దబ్బున పడు దృశ్యము మనసున మెదలగా రాగము గొంతులోనే నిలిచెను.

దారి గిఱ్ఱున తిరిగి తుదకు గుండీల కొట్టునకే చేరెను. దుకాణదారు పొట్లము చేతబట్టి నడివీధిన సిద్ధముగా నుండెను. సైకిలు వెంట నాలుగంగలు పరుగెత్తి, దానిని వీరుని చొక్కా జేబున కుక్కి, "ఇంత తొందరేంటండీ బాబూ," అని ఆయాసపడెను.

గుండీలు దక్కెను. కాళ్ళు తీపులు తీయుచుండెను. ఇంకొక చుట్టు తిరుగు సత్తువ లేదు. ఇల్లు కనబడెను, మెట్టు కనబడెను, ఆ మెట్టుపై వార్తాపత్రిక పరచుకొని, కాళ్ళు బారజాపి కూర్చున్న బావమరిదియు కనబడెను. ఇరువది ఏండ్ల పరువు ఇరువది గజముల దూరమున కూలనున్నది.

కిటికీలో ఇల్లాలి ముఖము తోచెను. ఆమె ఒకసారి వీధిని చూచెను, ఒకసారి మెట్టును చూచెను.

"తమ్ముడూ, అటక మీద డబ్బా అందట్లేదు. ఒకసారి రా."

"ఉండక్కా, బావ వస్తున్నారు."

"ఆయన వస్తారులే. నువ్వు లోపలికి రా."

బావమరిది లేచెను. అతని చెప్పులు గడప దాటిన మరుక్షణమున, పదిహేను కిలోమీటర్ల ధూళిచే ధూసరితమును, మేకచే తిరస్కృతమును, వృద్ధత్రయముచే నిరుద్ధమును అయ్యును ధైర్యమును వీడని ఆ వీరుని వామపాదము, పెడలును విడిచి, గాలిలో ఒక క్షణము తడుముకొని, మెట్టును తాకెను. కుండీలలోని పూవులు తలలూపెను, గాలికే యనుకొనుడు.

"ఇది ఖాళీ డబ్బా కదా అక్కా," అను మాట లోపలినుండి వినవచ్చెను.

"అలాగా. అక్కడే పెట్టెయ్."

బావమరిది బయటకు వచ్చి గడియారము చూచెను. "ఐదు నిమిషాలన్నారు, గంటంపావైంది. ఎటెళ్ళారు బావా?"

"గాలి బాగుంటే అలా కాలవ మీదుగా చుట్టొచ్చా."

"ఆ చుట్టంతా? మధ్యలో ఎక్కడా ఆగకుండానే?"

"ఆగే అలవాటు లేదు," అనెను వీరుడు. ఇందులో అసత్యమొక్క అక్షరమైనను లేదు.

నాలుగగుటకు ఐదు నిమిషములుండగా ఇల్లాలు ఆరవ గుండీ కుట్టి, దారము పంటితో కొరికి, తల ఎత్తకయే మెల్లగా అడిగెను: "ఆ మెట్టు మీద ఇన్నేళ్ళూ ఒక్క కుండీ కూడా ఎందుకు పెట్టలేదనుకున్నారు?"

వీరుడు చాలసేపు టేపును చుట్టుచు విప్పుచు ఉండెను. తుదకు, "గేదె సంగతి కూడా తెలుసా?" అనెను.

"మన వీధిలో గేదె ఎక్కడుందండీ," అని ఆమె కోటు మడతపెట్టెను.

ఇట్లు దర్జీ వీరుని దండయాత్రయందు ఆరు గుండీలును, ఒక మెట్టును జయింపబడినవి. ఈ గాథ చదివినవారి సైకిళ్ళకు పంచరు పడదని మేము మాట ఇయ్యజాలము. ఎవరి ముంగిట మెట్టొకటి బోసిగా నున్నదో, వారు మాత్రము ఒకసారి ఇంటిలోనికి తొంగిచూతురు గాక.