రేవు శాఖలో వీడ్కోలు సన్మానం

“పిల్లలూ, ఒక ఉద్యోగిని మనం తీసెయ్యకుండా, తనంతట తానే వెళ్ళిపోయేలా చెయ్యాలంటే ఏం చెయ్యాలి?” గోంగూర కట్ట విప్పుతూ అడిగాను.

“కుర్చీ లాగెయ్యాలి నాయనమ్మా,” అన్నాడు రుత్విక్.

“సగం మార్కులు. మిగతా సగం కథలో ఉంది. మేదినీ, ఆ చేట ఇలా జరుపు.”

ఒక పెద్ద అడవిలో ఒక ఏరు ఉండేది. పైకి నెమ్మదిగానే కనిపించేది గానీ, అడుగున గుంటలుండేవి. వరద వచ్చినప్పుడల్లా అవి చోటు మార్చేవి. అందుకని సింహం అక్కడ రేవు శాఖ అని ఒక ఆఫీసు పెట్టింది. ఎవరు ఎక్కడ ఏరు దాటాలో చెప్పడం దాని పని.

అందులో పెద్ద గుమస్తా కూర్మావతమ్మ అనే తాబేలు. రోజూ తెల్లారగానే ఏటి అడుగున నడిచి, గుంటలు ఎక్కడున్నాయో కాళ్ళతో తడిమి, టేకాకు మీద రాసి అధికారికి ఇచ్చేది. తొంభై ఏళ్ళ సర్వీసులో ఒక్క జింకపిల్ల మునగలేదు. “ఈ ఏడు పుట్టినవాటిని కూడా దాటించి దిగిపోతాను,” అనేది. ఏటా అదే మాట.

ఇంతలో కొత్త అధికారిగా నక్క వచ్చింది. కూర్మావతమ్మ సీటు తన వెనకే తిరిగే కుందేలుకి ఇప్పించాలని దాని ఆలోచన. కానీ రూలు ప్రకారం తాబేలు పదవీ విరమణ వయసు మూడు వందల ఏళ్ళు. ఈలోగా దిగిపోవాలంటే తానే అర్జీ పెట్టుకోవాలి.

“పెట్టుకునేలా చేద్దాం,” అంది నక్క.

అంతవరకూ తడి ఇసుకలో అడుగు వేస్తే హాజరు పడేది. ఇకమీదట చెట్టుకొమ్మ మీద గీత గీయాలని సర్క్యులర్ వచ్చింది. కూర్మావతమ్మ గంట ముందే వచ్చి, పక్క సీటు కొంగని బతిమాలి, దాని ముక్కున వేలాడుతూ గీత గీసింది.

తర్వాత నీడలో ఉన్న ఆమె సీటు ఎండలో బండ మీదికి మారింది. “అక్కడ వెలుతురు బాగా వస్తుంది. మీ కళ్ళ కోసమే,” అంది నక్క.

“తమ దయ బాబూ,” అని ఆమె తల డిప్పలోకి లాక్కుని, తన నీడలో తానే పని చేసుకుంది.

ఆ తర్వాత వేగం పెంచుకునే శిక్షణ. నేర్పేది కుందేలు.

“గెంతండి, మామ్మగారూ.”

“గెంతితే గుంటలు ఎలా తెలుస్తాయి నాయనా?”

“గెంతేవాళ్ళకి గుంటలతో పనేముంది?” అంది కుందేలు. నక్క చప్పట్లు కొట్టింది.

ఒకరోజు వరద తీశాక కూర్మావతమ్మ ఆకు పట్టుకొచ్చింది. “బాబూ, మన రేవులో పెద్ద గుంట కుడివైపుకి జరిగింది. జింకలు వచ్చే దారి అదే.”

నక్క తల ఎత్తలేదు. “అక్కడ పెట్టండి,” అంది కుందేలు. మర్నాడు ఆమె మళ్ళీ అడిగితే, “ఏ ఆకు?” అంది.

ఆమె జింకల దగ్గరికి తానే వెళ్ళి గుంట సంగతి చెప్పి, తిరిగొచ్చి దిగిపోతానని అర్జీ రాసింది.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఆమె కొమ్మని ఓర్చుకుంది, ఎండని ఓర్చుకుంది. తను చెప్పింది వినే చెవి ఒక్కటీ లేకపోవడాన్ని ఓర్చుకోలేకపోయింది.

“ఇంకా రెండు వందల ఏళ్ళ సర్వీసు ఉంది కదా వదినా,” అంది కొంగ.

“ఇక్కడా ఖాళీయే, ఇంట్లోనూ ఖాళీయే వదినా. ఇంట్లో అయితే నీడ ఉంటుంది.”

కొంగ అదే అర్జీ కింద ‘నేను కూడా’ అని రాసింది.

నక్క సంబరంగా సన్మానం పెట్టించింది. తామరాకు శాలువా కప్పి, “వీరు లేని లోటు పూడ్చలేనిది,” అని ప్రసంగించి, పకోడీలు రెండోసారి వడ్డించుకుని తింది.

ఆ శాఖలో ఒక ఆచారం ఉంది. దిగిపోయినవాళ్ళని అధికారే వీపు మీద ఎక్కించుకుని ఇంట్లో దిగబెట్టాలి. కూర్మావతమ్మ ఇల్లు అవతలి ఒడ్డున.

నీళ్ళలో కాలు పెట్టగానే ఆమె, “బాబూ, ఒక్క మాట,” అంది.

“ఇవాళ మీరు అతిథి. మాట్లాడి అలిసిపోకండి.”

ఒడ్డు మీద కుందేలు దారి చెబుతోంది. “కుడివైపు సార్, ఇంకా కుడివైపు.”

నాలుగో అడుగుకి నక్క మీసాల దాకా మునిగింది. దానికి ఈత రాదు. తాబేలు డిప్ప పట్టుకుని వేలాడుతూ, “గుంట ఉందని చెప్పరేం?” అంది.

“రాసిచ్చాను బాబూ. ఇందాక తమరు పకోడీలు తిన్న ఆకే అది.”

ఆమె నక్కని అవతలి ఒడ్డుకి లాక్కెళ్ళింది. నక్క దగ్గి, తేరుకుని, ఇవతలి ఒడ్డుకి కేకేసింది. “నువ్వొచ్చి దారి చూపించు.”

కుందేలు ఒకసారి నీళ్ళ వైపు చూసింది. అక్కడే కూర్చుని తన అర్జీ తాను రాసుకుంది.

“అమ్మా, మళ్ళీ ఉద్యోగంలో చేరండి,” అంది నక్క.

“కొమ్మ అందదు బాబూ.”

“పోనీ నన్ను మళ్ళీ ఆ ఒడ్డుకి దాటించండి.”

“అది రేవు శాఖ పని. అధికారికి అర్జీ పెట్టుకోండి. ఏరు తగ్గేదాకా అదిగో, ఆ బండ మీద కూర్చోవచ్చు. వెలుతురు బాగా వస్తుంది.”

“మరి జింకపిల్లలో?” అంది మేదిని.

“వాటిని కూర్మావతమ్మే దాటించింది. తెల్లారగానే, హాజరు లేకుండా.”

నీతి: పెద్దవాళ్ళని ఉద్యోగం నుంచి సాగనంపదలచినవాళ్ళు ముందుగా ఈత నేర్చుకోవాలి.

ఇక లేవండి. ఇంకా సగం కట్ట ఒలవాలి, మాటల్లో పడి కాడలు కూడా ఆకులో కలిపేశాను.