ఆరున్నర మిషను చప్పుడు

సోమవారం పొద్దున్న టైలరమ్మ వేసుకున్న పథకం మూడే మూడు పనులది. చేతికర్రను బీరువా వెనక్కి తొయ్యాలి. స్నానాలగదిలో పట్టుకుని లేవడానికి మేకుకు కట్టుకున్న తాడు విప్పెయ్యాలి. మందుబిళ్ళలు ఎవరి కంటా పడకుండా దాచాలి. పదిన్నరకు తమ్ముడు దిగేసరికి ఆ ఇంట్లో ఉంటున్నది డెబ్భై నాలుగేళ్ళ మనిషంటే ఎవరూ నమ్మకూడదు.

ఈ హడావిడికంతటికీ కారణం కూతురు. పది నిమిషాల దూరంలో కాపురముంటూ ఏడాదిగా ఒకటే పాట పాడుతోంది. "రెండో అంతస్తులో ఒక్కదానివీ ఎందుకమ్మా, మా వెనకగది ఖాళీగానే ఉంది, వచ్చెయ్" అని. వెనకగదిలో మంచం పడుతుంది, మనిషి పడుతుంది, కుట్టుమిషను మాత్రం పట్టదు. టైలరమ్మ టేపుతో కొలిచి మరీ చూసుకుంది. యాభై ఏళ్ళు తొక్కిన మిషనును ఎవరికో ఇచ్చేసి, ఆ గదిలో కూర్చుని గోడను చూస్తూ బతకడం ఆమె వల్ల కాదు. మొన్న ఫోనులో కూతురు, "మామయ్య నీ దగ్గర వారం ఉంటాడటమ్మా. ఆయన వచ్చాక అందరం కూర్చుని ఒక సంగతి మాట్లాడాలి" అంది. అంతే, టైలరమ్మకు విషయం అర్థమైపోయింది.

తమ్ముడు అలాంటి ఇలాంటి మనిషి కాదు. ముప్పై ఆరేళ్ళు ఫ్యాక్టరీల్లో భద్రతా ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. జేబులో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు లేకుండా గుమ్మం దాటడు. ఆయన అడుగుపెట్టి తల అడ్డంగా ఊపాడంటే ఎంత పెద్ద ఫ్యాక్టరీకైనా మర్నాటికి తాళం పడేది.

"నాకు తాళం వెయ్యడానికి నా తమ్ముణ్ణే పంపిస్తారూ? రానీ, వాడి సంగతీ తేలుస్తాను, మీ సంగతీ తేలుస్తాను" అని గొణుక్కుంటూ ఆమె మందుబిళ్ళలన్నీ మిషను పక్కనున్న గుండీల డబ్బాలోకి ఒంపేసింది.

తమ్ముడు వచ్చీ రాగానే ఆమె కిందికి దిగి, వద్దంటున్నా వినకుండా ఆయన సంచీ లాక్కుంది. మోకాళ్ళు కలుక్కుమంటున్నా పళ్ళ బిగువున నవ్వుతూ నలభై రెండు మెట్లూ ఎక్కింది. వెనకాల తమ్ముడు కూడా రెయిలింగు ముట్టుకోకుండా, ఊపిరి బయటికి వినపడకుండా ఎక్కాడు. మొదటి అంతస్తు మలుపులో మాత్రం ఆగి, నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

"ఏం రాస్తున్నావురా?"

"ఏం లేదక్కా, మెట్లు లెక్కపెట్టాను. రోజుకెన్నిసార్లు ఎక్కిదిగుతావు?"

"మూడుసార్లు. తోచకపోతే నాలుగు."

ఆయన అదీ రాసుకున్నాడు. టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఆయన చొక్కా గుండీ ఊడింది. "నువ్వుండగా నేను సూది పట్టడమేమిటి" అంటూ తమ్ముడు, అక్క ఆపేలోపే గుండీల డబ్బా మూత తీశాడు. తెల్లవి, పచ్చవి, గులాబీరంగువి గలగలా బల్ల మీద పడ్డాయి. ఒక తెల్లదాన్ని వేలితో తిప్పి తిప్పి చూశాడు.

"అక్కా, దీనికి చిల్లుల్లేవే?"

"ఇంకా పెట్టలేదు" అంది టైలరమ్మ తొణక్కుండా. "ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి. ఎవరికి కావలసిన చోట వాళ్ళు పెట్టుకోవాలి."

"గులాబీరంగుది సగానికి విరిచి ఉందేం?"

"పిల్లల చొక్కాలకి."

తమ్ముడు ఆమె ముఖంలోకి ఓ క్షణం చూసి, గంభీరంగా తల ఊపి, మళ్ళీ నోటుబుక్కు తీశాడు. ఆ రాత్రి ఆమె బీపీ బిళ్ళ వేసుకోవాలంటే మిషను గదిలోకి వెళ్ళాలి. తమ్ముడికి పక్క వేసింది ఆ గదిలోనే. ఆ ఇంట్లో ఉన్న రెండో మంచం అక్కడే, మిషను బల్లకు ఆనుకుని ఉంది మరి. పడుకోబోయే ముందు తమ్ముడు ఇల్లంతా తిరిగి, కిటికీలు చూసి, వీధి తలుపుకు పైగడియ కూడా వేసి వచ్చాడు.

"పైగడియ ఎప్పుడూ వెయ్యవా అక్కా?"

"ఎందుకు వెయ్యను! రోజూ వేస్తాను" అని ఇంకో అబద్ధం చెప్పి, బిళ్ళ వేసుకోకుండానే నిద్రపోయింది టైలరమ్మ.

నిజానికి ఆ పైగడియ వేసి నాలుగేళ్ళయింది. అందుకు కారణం కింది వాటాలో ఉండే నర్సమ్మ. ఆవిడా రిటైరైన మనిషే, ఆవిడా ఒక్కతే. ఇద్దరికీ మధ్య ఒక ఒప్పందముంది. రోజూ పొద్దున్న ఆరున్నరకు పైన మిషను అయిదు నిమిషాలు టకటకలాడాలి. ఆ చప్పుడు వినపడితే పైనున్న మనిషి క్షేమమని లెక్క, అప్పుడే నర్సమ్మ కాఫీ గొంతులో పోసుకునేది. చప్పుడు రాకపోతే తన దగ్గరున్న రెండో తాళంచెవితో పైకి వచ్చేస్తుంది.

మంగళవారం ఆరు ఇరవై తొమ్మిదికి టైలరమ్మ దిగ్గున లేచి కూర్చుంది. అన్ని పనులూ గుర్తుపెట్టుకుని ఈ ఒక్కటీ మరిచిపోయింది! మిషను గదిలో ఇన్‌స్పెక్టరు గుర్రుపెడుతున్నాడు. ఇప్పుడు మోగకపోతే నర్సమ్మ వచ్చేస్తుంది. వచ్చి, "అక్కయ్యా, బతికే ఉన్నావా!" అని ఆయన ముందే అరుస్తుంది. ఇక వెనకగదే గతి.

కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా పిల్లిలా లోపలికి దూరింది. కర్టెన్లు వేసి ఉన్నాయి, అంతా మసకమసక. తడుముకుంటూ స్టూలు మీద కూర్చుని, బల్ల మీద చెయ్యి ఆనించి, కాలు ఆడించింది. ఖాళీ మిషనే కదా అనుకుంది. తమ్ముడు కప్పుకున్న దుప్పటి కొస బల్ల మీదికి జారి, సూది కింద ఉన్న సంగతి ఆమెకేం తెలుసు? తన నైటీ చేతి అంచు ఆ దుప్పటి మీదే వాలిన సంగతి మాత్రం ఏం తెలుసు? పాతకాలం మిషను, పనిమంతురాలి కాలు. రెండింటినీ కలిపి జానెడు మేర కుట్టేసింది.

దుప్పటి జారిపోతున్నట్టనిపించి తమ్ముడు నిద్రలోనే ఇటు గుంజాడు. చెయ్యి లాగినట్టై టైలరమ్మ అటు గుంజింది. ఆయన కెవ్వుమని పొర్లి, దుప్పటి ఒంటికి చుట్టుకుని మంచం మీంచి కిందపడ్డాడు. పోతూ పోతూ గుండీల డబ్బాను కూడా తన్నాడు.

కింద నర్సమ్మకు వినపడింది ఇది: మిషను చప్పుడు మొదలైంది. నాలుగో నిమిషంలో ఆగింది. ధన్‌మని ఏదో పడింది. తర్వాత గలగల. ఇంకేముంది, అక్కయ్య మిషను మీదే ఒరిగిపోయిందనుకుంది. కాఫీ వదిలేసి అంబులెన్సుకు ఫోను చేసింది, కూతురికి ఫోను చేసింది, తాళంచెవి పట్టుకుని పరుగెత్తింది. తాళం తిరిగింది కానీ తలుపు కదల్లేదు. పైగడియ!

"అక్కయ్యా! మాట్లాడు! ఒక్క మాట మాట్లాడు!" అని తలుపు బాదుతోంది నర్సమ్మ.

"నాకేం కాలేదే, అరవకు!" అని లోపలినుంచి టైలరమ్మ అంటున్నదెవరికీ వినపడటంలేదు. ఆమె లేవాలంటే దుప్పటి లేవాలి. దుప్పటి లేవాలంటే అందులో చుట్టుకున్న తమ్ముడు లేవాలి. తమ్ముడు లేవడంలేదు సరికదా, నేల మీద పడుకునే గోడ గడియారం చూసి పెన్సిలుతో రాసుకుంటున్నాడు.

"ఒరేయ్, ఇప్పుడు కూడానా! లే ముందు, కత్తెర ఆ గోడకుంది!"

"మోకాలు పట్టేసిందక్కా. చెయ్యి అందించు."

"నా మోకాలేమన్నా ఖాళీగా ఉందా!"

ఎలాగో ఒకరినొకరు పట్టుకుని లేచి, ఒకే దుప్పటిలో ఇద్దరూ కుంటుకుంటూ వెళ్ళి పైగడియ తీసేసరికి గుమ్మంలో నర్సమ్మ, స్ట్రెచరుతో ఇద్దరు కుర్రాళ్ళు, జుట్టు విరబోసుకుని కూతురు కనిపించారు.

"పేషెంట్ ఎవరండీ?" అన్నాడు స్ట్రెచరు పట్టుకున్న కుర్రాడు.

"వీడు" అంది అక్క. "ఈవిడ" అన్నాడు తమ్ముడు.

కూతురు ఏడుపు ఆపుకుంటూ నేలంతా పడివున్న మందుబిళ్ళల్ని చూసింది, బీరువా వెనకనుంచి తొంగిచూస్తున్న చేతికర్రను చూసింది. "ఇంక చాలమ్మా. ఇవాళే సామాను సర్దు. నేను భరించలేను."

"సర్దను!" టైలరమ్మ గొంతు మెట్ల చివరిదాకా వినపడింది. "గూఢచారిని పంపి, వాడొచ్చిన మర్నాడే నన్ను మోసుకుపోదామనుకున్నారా? వాడు నా మీద రాసిన నేరాలేమిటో అందరి ముందూ చదువుతాను, వినండి!" అని తమ్ముడి చేతిలోని నోటుబుక్కు లాక్కుంది.

"అక్కా, వద్దు" అన్నాడు తమ్ముడు. ఆమె వింటేగా.

"'మెట్లు నలభై రెండు. మలుపులో ఆయాసం తీర్చుకోవచ్చు.' విన్నారా? 'గుండీల డబ్బాలో మందుబిళ్ళలు. మంచి ఉపాయం, నేనూ అలాగే పెట్టుకోవాలి. స్నానాలగదిలో మేకు ఉంది. నాకైతే తాడు కూడా కావాలి. ఇలాంటి వాటా ఒకటి వెతకాలి. అబ్బాయి ఇంకా...'" ఆమె గొంతు తగ్గింది. "'...అబ్బాయి ఇంకా ఒప్పుకోలేదు. అక్క ఉండగలిగితే నేనెందుకు ఉండలేను?'"

కూతురు నెమ్మదిగా అంది. "మాట్లాడాలన్నది మామయ్య సంగతేనమ్మా. ఈ వయసులో విడిగా ఉంటానంటున్నాడట, నువ్వైనా బుద్ధి చెబుతావని బావ ఫోను చేశాడు."

తమ్ముడు దుప్పటి సర్దుకుంటూ తల వంచుకున్నాడు. "మూడేళ్ళుగా అబ్బాయి ఇంట్లో వెనకగదిలోనే ఉన్నానక్కా. అందరూ బంగారాల్లాంటివాళ్ళే. మొన్న పొద్దున్న ఎనిమిదింటికి జారిపడితే, పాపం, రాత్రి ఏడింటికి ఇంటికొచ్చి లేవదీశారు."

టైలరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళతోపాటు కోపమూ వచ్చింది. నోటుబుక్కులో ఆఖరి పంక్తి కూడా చదివింది. "'ఆరు ముప్పై నాలుగు: పతనం. ఆరు నలభై అయిదు: తలుపు దగ్గర నలుగురు.' పదకొండు నిమిషాలు! విన్నావుటే? ఇక్కడ నేను పడ్డాననుకుని పదకొండు నిమిషాల్లో ఊరు దిగింది, అదీ వీడు పైగడియ వేసి చచ్చాడు కాబట్టి, లేకపోతే రెండే. నువ్వూ అల్లుడుగారూ పొద్దున్న ఎన్నింటికి ఆఫీసుకి వెళతారు?"

"ఎనిమిదింటికి" అంది కూతురు.

"ఎన్నింటికి వస్తారు?"

"రాత్రి ఏడింటికి" అంది కూతురు.

"మీ ఇంట్లో పడితే పదకొండు గంటలు. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి, బీపీ ఉంది, కర్ర ఉంది, తాడు ఉంది. ఇంక ఏదీ దాచను. కానీ ఇక్కణ్ణుంచి కదలను. వీడు కూడా వాళ్ళబ్బాయి దగ్గరికి వెళ్ళడు, ఈ వీధిలోనే వాటా చూస్తాను. ఎవరు అడ్డమొస్తారో రమ్మను!"

ఎవరూ రాలేదు. మెట్ల మీదినుంచి మాత్రం, "అబ్బా! అమ్మా!" అని కేక వినపడింది. అత్తగారికేమైందోనని నలభై రెండు మెట్లూ ఒక్క ఊపున ఎక్కబోయిన అల్లుడుగారు, ముప్పై ఆరో మెట్టు మీద నడుం పట్టేసి, రెయిలింగును కావలించుకుని ఉన్నారు. స్ట్రెచరు కుర్రాళ్ళ ముఖాలు వికసించాయి. ముప్పై ఆరు మెట్లు దింపడంకంటే ఆరు మెట్లు ఎక్కించడం మేలని నర్సమ్మ తేల్చింది. వారం రోజులు కదలకూడదని డాక్టరు ఫోనులో చెప్పాడు. అల్లుణ్ణి మిషను పక్క మంచం మీద పడుకోబెట్టారు.

బుధవారం ఆరున్నరకు మిషను టకటకలాడింది. కింద నర్సమ్మ కాఫీ తాగింది. దుప్పటి గడ్డందాకా గట్టిగా లాక్కుని బిక్కుబిక్కుమంటున్న అల్లుణ్ణి తమ్ముడు ఓ నిమిషం పరీక్షగా చూసి, చెవి మీది పెన్సిలు తీసి నోటుబుక్కులో రాసుకున్నాడు: "అల్లుడు: ఒంటరిగా వదలడానికి వీల్లేదు."